పొయ్యి వెలిగిన మర్నాడు

మన వంటింటి చరిత్రని ఎవరు చెప్పినా ఒకే వరసలో చెబుతారు. కట్టెల పొయ్యి పోయి కిరసనాయిలు స్టవ్ వచ్చింది, అది పోయి గ్యాస్ వచ్చింది. ఒక్కో మలుపుకీ ఒక సంవత్సరం, ఒక పథకం పేరు, కొత్త పొయ్యి పక్కన నిలబడ్డ నాయకుడి ఫొటో ఉంటాయి. అంటే ఇది పొయ్యిలు ఇచ్చిన రోజుల చరిత్ర. ఆ మర్నాటి నుంచి దాన్ని ఎవరు తుడిచారు, బూడిద ఎవరెత్తారు, మసి పట్టిన గొట్టంలో చెయ్యి పెట్టిందెవరు, పగిలిన ట్యూబు మార్చాలని ఎవరికి తెలుసు, తెలిసినా మార్చే డబ్బు ఎవరి చేతిలో ఉంది అన్న ప్రశ్నలకి ఆ చరిత్రలో చోటు లేదు.

ఈ విషయంలో స్త్రీవాద సాహిత్యం చదువుకున్న మనమూ తక్కువ తినలేదు. విమల 'వంటిల్లు' కవిత వచ్చాక తెలుగులో వంటింటి మాట పాత మురిపెంతో ఎత్తడం ఎవరికైనా కష్టమే అయింది. వంటింటిని చెరగా చూశాం, చాకిరీగా చూశాం, తరాల తరబడి ఆడవాళ్ళ వయసుని మింగిన చోటుగా చూశాం. కానీ పొయ్యిని ఒక సాధనంగా, దాని ముందు కూర్చున్న మనిషిని ఆ సాధనం లోతుపాతులు తెలిసిన మనిషిగా చూడటం తక్కువ. వండటం ఒక పని. వండే పొయ్యిని ప్రమాదం లేకుండా నిలబెట్టుకోవడం ఇంకో పని. ఈ రెండో పనికి వేరే జ్ఞానం కావాలి. అది ఎవరి దగ్గరుంది, ఎవరి దగ్గర లేకుండా పోయింది అన్నది కొన్నిసార్లు ప్రాణాల మీదికి వచ్చింది, ఇంకొన్నిసార్లు కోర్టుల దాకా వెళ్ళింది. నెల్లూరు తీరాన్ని ముందు పెట్టుకుని ఆ సంగతి రాయాలని నా ప్రయత్నం.

తీరం అన్నాను గనక ముందు కట్టె సంగతి. బోస్వెల్ నెల్లూరు జిల్లా మాన్యువల్ రాసింది 1873లో. ఆ కాలానికి శ్రీహరికోట అడవి మద్రాసు నగరపు పొయ్యిలకి కట్టె పంపుతోంది. 1876-78 కరువు రోజుల్లో కూలీల చేత తవ్వించి కలిపిన తర్వాత బకింగ్‌హాం కాలవ అయిన ఆ జలమార్గం మీద కట్టె పడవలు దక్షిణానికి వెళ్ళేవి. ఇసక నేలల్లో సరుగుడు తోటలు వేయించింది కూడా వంటచెరకు కోసమూ, రైళ్ళ కోసమూనే. సీమతుమ్మ కంప మరో కథ. 19వ శతాబ్దం చివరి పాతికేళ్ళలో కడప జిల్లా కమలాపురం దగ్గర నాటిన ఈ పరాయి చెట్టు తర్వాత తీరమంతా పాకింది, పేదింటి పొయ్యికి పెద్ద దిక్కయింది. పడవకెక్కిన కట్టెకి సర్కారు లెక్క ఉంది. యానాది స్త్రీ, మాలమాదిగ స్త్రీ, పట్టపు స్త్రీ నెత్తిన మోసుకొచ్చిన మోపుకి లెక్క లేదు. ఆ మోపులో సరుగుడు దుంగ ఉండేది కాదు. రాలిన సరుగుడాకు, తాటిమట్టలు, కంపపుల్లలు, చిదుగులు ఉండేవి. మంచి కట్టె అమ్ముకోవడానికి, మిగిలిన చెత్త వండుకోవడానికి.

ఏ కట్టె ఎట్లా మండుతుందో తెలియడంతోనే పొయ్యి సంరక్షణ మొదలవుతుంది. తాటాకు భగ్గున మండి అంతే వేగంగా ఆరిపోతుంది, దగ్గర కూర్చుని ఎగదోస్తూనే ఉండాలి. సరుగుడాకు పొగ కళ్ళు పోగొడుతుంది. కంపపుల్ల నిలకడగా మండుతుంది గానీ ముల్లు గుచ్చుకుంటే చెయ్యి చీము పడుతుంది. వరి పండే నేల కదా, మిల్లుల దగ్గర ఊక దొరుకుతుంది, ఊకపొయ్యి వచ్చింది. దాని మధ్యలో రోకలో సీసానో నిలబెట్టి చుట్టూ ఊకని దట్టించి, తర్వాత మెల్లగా పైకి లాగాలి. వదులుగా దట్టిస్తే లోపలి గోడ కూలి మంట ఊపిరాడక చస్తుంది, పొగ ఇల్లంతా నిండుతుంది. మరీ బిగిస్తే అంటుకోదు. ఎంత బిగువు సరైన బిగువో చేతికి తెలియాలి. దీన్ని ఇంజనీరింగు అనడానికి నాకేమీ అభ్యంతరం కనపడదు.

కట్టెల పొయ్యి సంరక్షణ ఇంకా పెద్దది. తెల్లారగానే బూడిద ఎత్తాలి, ఎత్తకపోతే కిందనుంచి గాలి అందదు. పగుళ్ళిచ్చిన చోట బంకమట్టిలో ఊక, పేడ కలిపి మెత్తాలి, వారానికోసారైనా అలకాలి. పొయ్యి నోరు ఏ దిక్కుకి ఉండాలో తీరంలో ఇష్టం వచ్చినట్టు నిర్ణయించుకునే వీలు లేదు. మధ్యాహ్నం సముద్రం మీదనుంచి లేచే గాలి నిప్పుని నోట్లోంచి బయటికి ఈడుస్తుంది. గుడిసె తాటాకుది. ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వకి పాలెం పాలెం తగలబడిన ఊళ్ళు ఈ తీరంలో ఎన్నో. అందుకే గాలి లేవకముందే వంట ముగించడం, పడుకునే ముందు నిప్పుల మీద నీళ్ళు చల్లడం, మర్నాటికి నిప్పు కావాలంటే బూడిద కింద కప్పిపెట్టడం. ఇవి అమ్మ చేస్తుంటే చూసి కూతురు నేర్చుకున్నవి. పుస్తకాల్లో రాసినవి కావు. గిన్నె అడుక్కి తడిమట్టి పూసి పొయ్యెక్కిస్తే మసి తేలిగ్గా వదులుతుందన్న చిన్న కిటుకు ఎన్ని గంటల తోముడు తప్పించిందో ఏ ఆర్థికశాస్త్రవేత్త లెక్క కట్టలేదు.

ఈ పనిలో కులం ఉంది. మడి కట్టుకుని వండే ఇంట్లో పొయ్యి అలికేది ఇంటి కోడలు, మసి గిన్నెలు తోమేది దొడ్డి గుమ్మం దగ్గర కూర్చునే పనిమనిషి. ఆమె పొయ్యిని తాకకూడదు, పొయ్యి మసిని మాత్రం తాకాలి. ఆ మనిషే సాయంత్రం తన గుడిసెకి వెళ్ళి తన పొయ్యి బూడిద ఎత్తుకోవాలి. వంటింటి బాధ ఆడవాళ్ళందరికీ ఒక్కటే అని తొందరపడి అనలేకపోవడానికి ఇది ఒక్కటి చాలు.

అచ్చులోకొచ్చిన తెలుగు ఈ పనిని ఎట్లా చూసింది? కందుకూరి 'సతీహితబోధిని' 1883లో మొదలైంది. 'హిందూసుందరి' 1902లోనూ, మద్రాసునుంచి కేసరిగారి 'గృహలక్ష్మి' 1928లోనూ వచ్చాయి. చదువుకున్న ఇల్లాలి ఇల్లు పరిశుభ్రంగా ఉండాలన్నది ఆ కాలపు స్త్రీవిద్య వాదంలో గట్టి పాయ. స్త్రీలకి చదువెందుకు అని అడిగినవాళ్ళకి ఇల్లు బాగుపడుతుంది అన్న జవాబు చెప్పక తప్పని కాలం అది. ఆ రచయిత్రుల్ని ఇప్పుడు తప్పుపట్టడం సులువు, నేనా పని చెయ్యను. కాకపోతే ఒకటి జరిగింది. శుభ్రం చెయ్యడం గుణంగా మారింది. గుణం కాబట్టి దానికి నేర్పు అనే పేరు రాలేదు, కూలి అనే ప్రశ్నా రాలేదు. పొయ్యి శుభ్రంగా లేకపోతే ఆమె మంచిది కాదని అర్థం. పొయ్యి డిజైను మంచిది కాదేమో అన్న ఆలోచన ఎవరికీ రాదు.

ఆ ఆలోచన ఒక ఇంజనీరుకి వచ్చింది. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీ డైరెక్టరుగా ఉన్న డాక్టర్ ఎస్.పి. రాజు పొగ రాని పొయ్యిని రూపొందించి, 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అన్న పుస్తకం వేశారు. అంతకుముందే వార్ధాలో మగన్ చూల్హా వచ్చింది. రాజుగారి పొయ్యి మట్టిదే. ఒకే మంట మీద రెండు మూడు గిన్నెలు ఎక్కేలా లోపల సొరంగం, చివర పొగగొట్టం. వంట చేసే స్త్రీ కళ్ళు, ఊపిరితిత్తులు ఒక శాస్త్రవేత్తకి పరిశోధనాంశం కావడం చిన్న సంగతి కాదు. ఆ తర్వాత కేంద్రప్రభుత్వం 1983-84లో మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి, 2002లో చేతులు దులుపుకునేదాకా దేశం మొత్తం మీద సుమారు మూడున్నర కోట్ల పొయ్యిలు వేయించినట్టు లెక్క చెప్పింది.

అన్ని పొయ్యిలూ ఏమయ్యాయి? చాలావరకు పొగగొట్టం దగ్గర ఆగిపోయాయి. కట్టె మండితే మసి, తారు కలిసి గొట్టం లోపలి గోడకి జిగటగా అంటుకుంటాయి. కొన్నాళ్ళకోసారి కర్రకి గుడ్డ చుట్టి దులపకపోతే దారి మూసుకుపోయి, పొగ మొత్తం వంటింట్లోకే తిరిగొస్తుంది. గొట్టం పైకప్పు దాటి ఉంటుంది. దాన్ని దులపాలంటే గుడిసె ఎక్కాలి. చీర కట్టుకున్న ఆడమనిషి తాటాకు కప్పు ఎక్కడానికి ఊరు ఒప్పుకోదు, మగవాడికి అది తన పని అనిపించదు. డిజైను గీసినప్పుడు గొట్టం ఎత్తుని కొలిచినవాళ్ళు, ఆ ఎత్తుకి ఎవరు ఎక్కుతారని అడగలేదు. పొయ్యి వేసినందుకు మేస్త్రీకి డబ్బు ఇచ్చారు, వేసిన పొయ్యిల సంఖ్య పైకి పంపారు. దులపడానికి పద్దు లేదు.

ఈ అనుమానం నా ఒక్కదానిదే కాదని తర్వాత తెలిసింది. రేమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ ఒడిశాలో పొగగొట్టం పొయ్యిలిచ్చిన సుమారు 2600 కుటుంబాల్ని నాలుగేళ్ళపాటు గమనించారు. మొదటి ఏడాది వంట చేసేవాళ్ళు పీల్చే పొగ తగ్గింది. ఆ తర్వాత ఆ తేడా మాయమైంది. కుటుంబాలు పొయ్యిల్ని సరిగ్గా వాడలేదు, మరమ్మతులు చేసుకోలేదు, క్రమంగా వాడకమే తగ్గిపోయింది అన్నది వాళ్ళ నిర్ధారణ. 2012లో మొదటిసారి బయటికొచ్చిన ఈ అధ్యయనం నిజాయితీగా చేసినదే. నాకు నచ్చనిది అందులోని ఒక్క మాట, కుటుంబం. పొయ్యి ఇచ్చినప్పుడు లబ్ధిదారు స్త్రీ. పొయ్యి పాడైనప్పుడు బాధ్యత కుటుంబానిది. ఆ కుటుంబంలో ఎవరు కప్పు ఎక్కాలి, ఎవరికి తీరిక ఉంది, ఎవరి ఊపిరితిత్తుల కోసం ఎవరు ఆదివారం పోగొట్టుకోవాలి అన్న తగువంతా ఆ ఒక్క మాట కింద కప్పడిపోతుంది.

ఇక్కడ రూత్ ష్వార్జ్ కోవన్ గుర్తొస్తుంది. అమెరికా ఇళ్ళలోకి యంత్రాలు వచ్చిన చరిత్రని 'మోర్ వర్క్ ఫర్ మదర్' అనే పుస్తకంలో 1983లో రాసింది. అక్కడ కట్టె కొట్టడం మగవాళ్ళ పని. ఇనప పొయ్యి రావడంతో కట్టె తక్కువ సరిపోయి మగవాళ్ళకి విశ్రాంతి దొరికింది. ఆ ఇనప పొయ్యిని రుద్ది, నల్లరంగు పూసి తుప్పు పట్టకుండా చూసే పని మాత్రం ఆడవాళ్ళకి కొత్తగా వచ్చిపడింది. మన తీరంలో కట్టె మోపు కూడా ఆడవాళ్ళ నెత్తిమీదే కాబట్టి కోవన్ వాదన యథాతథంగా సరిపోదు. గ్యాస్ వచ్చాక ఇక్కడ నిజంగానే ఒక బరువు దిగింది. దాన్ని కాదనే హక్కు, ఎన్నడూ మోపు మోయని నాలాంటివాళ్ళకి లేదు.

కట్టెకీ గ్యాసుకీ మధ్య కిరసనాయిలు ఉంది. దాని చరిత్ర మసికన్నా నల్లనిది. పంపు స్టవ్‌కి సన్నని రంధ్రం ఉంటుంది, దాంట్లోంచి కిరసనాయిలు ఆవిరై ఒత్తిడితో వచ్చి మండుతుంది. మసి అడ్డుపడితే పిన్నుతో పొడవాలి. వాషరు ఎండిపోతే గాలి నిలవదు. ట్యాంకు నిండా నూనె పోసి ఎక్కువ పంపు కొట్టినా, నూనెలో పెట్రోలు కల్తీ అయినా ప్రమాదమే. ప్రతి మధ్యతరగతి ఇంట్లో ఈ పిన్ను కథ తెలిసిన ఒక స్త్రీ ఉండేది. స్టవ్ నిజంగానే పేలేది, ఆ మాట అబద్ధం కాదు. 1970లు, 80ల పత్రికల్లో 'స్టవ్ పేలి గృహిణి మృతి' అన్న వార్తలు మామూలైపోయాయి. చచ్చిపోయినవాళ్ళు కొత్తగా పెళ్ళయిన కోడళ్ళు. అదే స్టవ్ మీద అత్త వండినప్పుడు పేలలేదు, ఆడపడుచు కాఫీ పెట్టినప్పుడు పేలలేదు. స్టవ్‌కి మనుషుల్ని ఎంచుకునే తెలివి ఎక్కడిదని మొదట అడిగింది స్త్రీల సంఘాలే. 1979లో ఢిల్లీలో స్త్రీసంఘర్ష్ ఊరేగింపు, ఆ తర్వాత హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన పని ఈ ప్రశ్న చుట్టూ తిరిగాయి. 1983లో 498-ఎ, 1986లో 304-బి శిక్షాస్మృతిలోకి వచ్చాయి. పెళ్ళయిన ఏడేళ్ళ లోపు కాలిన గాయాలతో స్త్రీ చనిపోతే, చావుకి కొద్ది ముందు కట్నం కోసం వేధించారని తేలితే, దాన్ని కట్నం చావుగా భావించవచ్చని చట్టం ఒప్పుకుంది. 2024 జులై 1 నుంచి ఇవే నేరాలు భారతీయ న్యాయ సంహితలో 85, 80 సెక్షన్లుగా ఉన్నాయి.

ఆ ఉద్యమ చరిత్ర మనకి తెలిసిందే. నేను ఎత్తి చూపాలనుకునేది ఒక చిన్న కోణం. 'స్టవ్ పేలింది' అన్న అబద్ధం అంతకాలం చెల్లడానికి ఒక కారణం, స్టవ్ ఎట్లా పేలుతుందో పోలీసులకీ, పంచనామా చేసేవాళ్ళకీ, చాలామంది విలేకరులకీ తెలియకపోవడం. తెలిసినవాళ్ళు వంటింట్లో ఉన్నారు. స్టవ్ ఎక్కడుంది, ట్యాంకు పగిలిందా, గిన్నెలో బియ్యం ఉన్నాయా, ఆ వేళప్పుడు ఆ ఇంట్లో వంట చేస్తారా అని అడగడానికి ఫోరెన్సిక్ చదువు అక్కర్లేదు, రోజూ స్టవ్ వెలిగించిన అనుభవం చాలు. ఆ అనుభవానికి సాక్ష్యం విలువ ఇవ్వలేదు. ఇవాళ్టికీ జాతీయ నేర రికార్డుల సంస్థ ప్రమాద మరణాల పట్టికలో గ్యాస్ సిలిండర్ లేదా స్టవ్ పేలుడు అని ఒకే గడి ఉంటుంది. ఏ భాగం పాడైంది, ఎందుకు పాడైంది అన్నది ఆ గడిలో పట్టదు.

నెల్లూరుకి గ్యాస్ వచ్చిన దారి మాత్రం వేరు. తీరానికి దూరంగా మెట్టసీమలో ఉన్న దూబగుంటలో అక్షరాస్యత తరగతులకొచ్చిన స్త్రీలు సారా దుకాణం మూయించారు. వాళ్ళ కథ 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న పాఠమై జిల్లా అంతా తిరిగింది. 1992లో రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం. సారాకి పోయే డబ్బు ఇంట్లో నిలవడంతో రోజుకో రూపాయి దాచుకునే 'పొదుపు లక్ష్మి' సంఘాలు నెల్లూరు జిల్లాలో పుట్టాయి, అవి డ్వాక్రాతో కలిశాయి. 1999లో చంద్రబాబు ప్రభుత్వం 'దీపం' పథకం కింద గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది ఈ సంఘాల స్త్రీలకే. కనెక్షన్ డిపాజిట్టు 1000 రూపాయలు ప్రభుత్వం కట్టింది, స్టవ్ కొనుక్కోవడం వాళ్ళ వంతు. పోరాడి తెచ్చుకున్న సంఘం పథకాలు పంచే కౌంటరైపోయిందన్న విమర్శ అప్పట్లోనే వచ్చింది, అందులో నిజముంది. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల దీపం-2 మొదలైంది. ఇంటి పొగవల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దగ్గర కల్పనా బాలకృష్ణన్ బృందం గ్రామాల వంటిళ్ళలో పొగని కొలిచి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, అందరికన్నా ఎక్కువ పీల్చేది వండే మనిషేనని, పిడకలు అన్నిటికన్నా చెడ్డవని, గ్యాస్ అన్నిటికన్నా నయమని తేలింది. వాళ్ళు కొలిచిన మూడు జిల్లాలూ ఇప్పటి తెలంగాణవి. ఉప్పుగాలి వీచే వంటిళ్ళు అందులో లేవు.

ఉప్పుగాలి దగ్గరే అసలు సంగతి. మైపాడు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె, తుమ్మలపెంట వంటి ఊళ్ళలో ఇనుము నిలవదు. గ్యాస్ బండ అడుగు చక్రం, స్టవ్ కాళ్ళు, ట్యూబు బిగించే క్లిప్పు లోపలి ఊళ్ళలో కంటే ముందే తుప్పు పడతాయి. బర్నరు రంధ్రాల్లో తుప్పు పొడి, పొంగిన అన్నం గంజి, చేపల పులుసు జిడ్డు చేరి దారి మూస్తాయి. అప్పుడు నీలం మంట పచ్చబడుతుంది. గిన్నె అడుగున మసి కనపడుతుంది. గ్యాస్ పొయ్యికి మసి పట్టిందంటే గాలి చాలక గ్యాస్ సగమే కాలుతోందని, కార్బన్ మోనాక్సైడ్ వస్తోందని అర్థం. కట్టెల పొయ్యి దగ్గర పసుపు మంట మంచి మంట. గ్యాస్ పొయ్యి దగ్గర అదే హెచ్చరిక. తరాలుగా కంటికి అలవాటైన జ్ఞానం తలకిందులైన చోటు ఇది. పాత జ్ఞానం పనికిరాదని చెప్పి కొత్తది నేర్పకుండా వదిలేస్తే ఏమవుతుందో ఊహించండి.

నేర్పాల్సింది పెద్ద శాస్త్రమేమీ కాదు. బర్నరు చల్లారాక తీసి, వేడినీళ్ళలో నానబెట్టి, బ్రష్షుతో తోమి, రంధ్రాలు పొడిచి, తడి పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాలి. లోపలి జెట్టుని మాత్రం సూదితో పొడవకూడదు. పొడిస్తే రంధ్రం పెద్దదై గ్యాస్ ఎక్కువొస్తుంది. పంపు స్టవ్‌కి పిన్ను పెట్టిన చెయ్యి సహజంగా ఇక్కడా అదే చేస్తుంది. వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేలబారున పరుచుకుంటుంది. పైన కిటికీ తెరిచినంత మాత్రాన పోదు, గుమ్మం తలుపూ తీయాలి. అందుకే పొయ్యి గట్టుమీద, బండ నేలమీద నిలువుగా ఉండాలంటారు. ఒక్క గది ఇంట్లో ఆ నేలమీదే పసిపిల్లలు పడుకుంటారు. లీకు అనుమానముంటే సబ్బునీళ్ళు పూసి బుడగలొస్తాయేమో చూడాలి, అగ్గిపుల్ల గీసి చూడకూడదు. లైటు స్విచ్చి వెయ్యకూడదు, వేసి ఉన్నదాన్ని ఆర్పనూ కూడదు. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటరు కట్టెయ్యాలి. నిప్పుల మీద నీళ్ళు చల్లి పడుకున్న అలవాటుకి ఇది వారసురాలు, అట్లా చెబితే ఎవరూ మరిచిపోరు. ట్యూబు ఐఎస్ఐ గుర్తున్నదై ఉండాలి, అయిదేళ్ళకి మార్చాలి, గుడ్డ చుట్టి దాచకూడదు. 2016 నుంచి 1906 నంబరుకి ఫోను చేస్తే లీకు చూడటానికి మనిషి రావాలి.

జాగ్రత్తల కరపత్రాల్లో నైలాన్ చీర కట్టుకోవద్దన్న మాట తప్పకుండా ఉంటుంది. మంచి సలహానే, నైలాన్ కరిగి ఒంటికి అంటుకుంటుంది. కానీ చేపలమ్మే స్త్రీ, రొయ్యల షెడ్డులో పనిచేసే స్త్రీ తడిసినా తొందరగా ఆరే చౌక చీర కడుతుంది. నూలుచీర ఖరీదు ఎంత? జాగ్రత్త అన్నది కూడా కొనుక్కోవాల్సిన వస్తువే.

గ్యాస్ మంట వంటింటిని దాటి స్నానాలగదిలోకీ వెళ్ళింది. గ్యాస్ గీజరు మూసిన చిన్న గదిలో నడిస్తే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి వాసన ఉండదు. వంటగ్యాసులో కలిపే మెర్కాప్టాన్ వాసన లీకుని పట్టిస్తుంది గానీ ఈ విషాన్ని పట్టించదు. స్నానానికి వెళ్ళిన మనిషి తలుపు తియ్యకపోతే గానీ ఇంట్లోవాళ్ళకి తెలియదు. ఇక నిప్పు పూర్తిగా అలంకారమైన ఇళ్ళూ ఉన్నాయి. న్యూజెర్సీలోనో టెక్సాస్‌లోనో మన పిల్లల హాల్లో పింగాణీ దుంగల మధ్య గ్యాస్ మంట ఆడుతుంది. నిజమైన కట్టెలాగా కనపడాలని ఆ మంటని కావాలనే పచ్చగా ఉంచుతారు, దాంతో దుంగలకి మసి పడుతుంది. దుంగల్ని దులిపి మళ్ళీ అంగుళం తేడా లేకుండా అదే చోట పెట్టాలి, లేకపోతే మంట వాటికి తగిలి మసీ, మోనాక్సైడూ పెరుగుతాయి. బర్నరు దుమ్ము, సాలీడు గూళ్ళు ఏటేటా తీయించాలి, పొగదారి తెరిచి ఉందో లేదో చూసుకోవాలి, ఇంట్లో మోనాక్సైడ్ అలారం ఉండాలి. అక్కడ దానికి ఫీజు తీసుకుని వచ్చే మనిషి ఉన్నాడు. పొగ నుంచి తప్పించుకోవడానికి నెల్లూరు స్త్రీ శతాబ్దాలు పడిన పాటుకి అవతలి ఒడ్డున, పొగ రాని కట్టె బొమ్మని చలికాలం సాయంత్రం ముచ్చటగా చూసుకోవడం. వాళ్ళ ముచ్చట వాళ్ళది. మంట మాత్రం రెండు చోట్లా ఒకే నియమానికి కట్టుబడి ఉంది.

ఫీజు మాట వచ్చింది కాబట్టి ముత్తుకూరు దగ్గర నేలటూరు చూడండి. దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో ఒక్కోటి 800 మెగావాట్ల యూనిట్లు. ఆ బాయిలర్లకీ పొగదారులకీ శుభ్రత ఒక విభాగం, ఇంజనీర్లు, షిఫ్టులు, మరమ్మతుల కోసం యూనిట్ ఆపే రోజులు ఉంటాయి. మంట ఉన్న చోట సంరక్షణకి జీతం ఉండాలన్నది రాజ్యానికి తెలియని విషయం కాదు. ఆ గోడ అవతల అదే పని చేసే స్త్రీని గృహిణి అంటారు, ప్రమాదం జరిగితే ఆమె అజాగ్రత్త అంటారు.

గ్యాస్ ఏజెన్సీ మెకానిక్‌గా ఇంటికొచ్చేది దాదాపు ఎప్పుడూ మగవాడే. పగలు ఒంటరిగా ఉండే స్త్రీ అతన్ని వంటింట్లోకి పిలవడానికి తటపటాయిస్తుంది, సాయంత్రం భర్త ఉన్నప్పుడు అతను రాడు. నెల్లూరు సంఘాల స్త్రీలు బ్యాంకు లెక్కలు నేర్చుకున్నారు, సారా వేలంపాటల్ని అడ్డుకున్నారు. ఊరికి ఇద్దరికి స్టవ్ సర్వీసింగు నేర్పి, కూలి కట్టి, ట్యూబులూ వాషర్లూ వాళ్ళ దగ్గరే ఉంచడానికి ఏం అడ్డమో నాకు అర్థం కాదు. దీపం పేరుతో కనెక్షన్లు ఇచ్చిన పాతికేళ్ళలో ఆ పని పథకం కాలేదు.

చదువు మాట కూడా చెప్పాలి. అక్షరాస్యత ఉద్యమంలో ఆ స్త్రీలు నేర్చుకున్నది తెలుగు. వాళ్ళింటికొచ్చిన బండ మెడ దగ్గర, లోపలి వైపు, ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన రెండంకెలు ఉంటాయి. బండని మళ్ళీ పరీక్షకి పంపాల్సిన గడువు అది. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి జులై నుంచి సెప్టెంబరు, డి అక్టోబరు నుంచి డిసెంబరు. సి-27 అని ఉంటే 2027 సెప్టెంబరు దాటాక ఆ బండని ఇంట్లోకి తీసుకోకూడదు. బండ దించేవాడు తొందరపెడతాడు. సీలు తీయించి, లోపలి రబ్బరు వాషరు ఉందో లేదో చూసి, ఆ అక్షరం చదివాకే డబ్బివ్వాలి.